ఖాళీ గోల్‌పోస్టు

2009 నవంబరు 14, కామారెడ్డి

పదకొండు. టీవీలో మన దేశం ఫుట్‌బాల్ మ్యాచ్‌ను నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ చూశాను కాబట్టి అనుమానం లేదు. ర్యాంకుల్లో మనకంటే ముప్ఫై మెట్లు కింద ఉన్న జట్టు. పదకొండుసార్లు మనవాళ్ళకు గోల్‌పోస్టు ముందు బంతి చిక్కింది. ఒకడు ఆకాశంలోకి తన్నాడు. ఒకడు తిన్నగా గోల్‌కీపర్ ఒళ్ళో వేశాడు. ఒకడు బంతిని వదిలేసి నేలను తన్ని పడ్డాడు. చివర్లో ఆ అనామకులు ఒకే ఒక్కసారి మన సగంలోకి వచ్చి గోలు కొట్టి పోయారు.

గోడను గుద్దాను. పద్మప్రియ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"చెయ్యంత రక్తం! ఏమైంది మీకు? ఎవరో ఆడిండ్రు, ఓడిండ్రు. గోడేం జేసింది?"

పసుపు అద్ది గుడ్డ కట్టింది. సోమవారం స్కూల్లో అడిగితే తలుపు సందులో పడిందని చెప్పాలి.

నవంబరు 16

ఎల్లారెడ్డిలో నా స్కూలు టీముకు ఈ రోజు నుంచి కొత్త పద్ధతి. గోల్‌కీపర్ లేని ఖాళీ గోలు. పన్నెండు గజాల దూరం. ఒక్కొక్కడికి పది బంతులు. తప్పిన ప్రతి బంతికీ పిక్క మీద ఒక దెబ్బ. నేను చింత బరిగె పట్టుకుని సరిగ్గా వెనకాల నిలబడతాను. పదిహేనేళ్ళుగా వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఈ ఆలోచన ఇంతకాలం ఎందుకు రాలేదో.

మొదటి రోజు నలభై ఆరు దెబ్బలు. నిజానికి ఎక్కువ నొప్పి పుట్టింది నా చేతికే.

ఒక్క దేవీసింగ్ మాత్రం దెబ్బ తినలేదు. లంబాడీ తండా పిల్లవాడు, హాస్టల్లో ఉంటాడు. ఆలస్యంగా బడిలో వేసినందువల్ల తొమ్మిదో తరగతికే పదహారేళ్ళు వచ్చాయి. బూట్లు లేవు. పదికి పది లోపల వేశాడు, అదీ నాలుగు మూలలకీ పంచి. అటువంటి కాలు నేను చూడలేదు.

వీణ్ణి వదలను.

2010 ఆగస్టు 3

జుక్కల్ జట్టు మీద మ్యాచ్. వాళ్ళలో సగం మందికి బంతి ఆపడమే రాదు. ఒకటి-సున్నా గెలిచాం. అది గెలుపా? ఎనిమిది రావాలి. దేవీసింగ్ ఒక్కడే రెండు పోగొట్టాడు, రెండోది గోల్‌పోస్టుకు అయిదు గజాల్లో నిలబడి.

ఆట అయ్యాక పిలిచి అడిగాను. తల దించుకున్నాడు. జవాబు చెప్పకుండా తల దించుకోవడం నాకు నచ్చదు. చెయ్యి విసిరాను. వాడు తూలి గోల్‌పోస్టు మీద పడ్డాడు. గడ్డం చీలింది, ముందు పన్ను ఒకటి ఊడింది. తాకింది నా చెయ్యే, కానీ కోసింది ఇనుప పైపు.

ఆసుపత్రిలో అయిదు కుట్లు. డాక్టరు ఎట్లా తగిలిందని అడిగితే నేను నోరు తెరిచేలోపే వాడే చెప్పాడు. "ఆడుకుంట పడ్డ సార్."

మంచి పిల్లవాడు.

ఆగస్టు 5

వాడి తల్లి కేస్లి స్కూలుకు వచ్చింది. గొడవ చేస్తుందనుకున్నాను. నా ముందు నిలబడి చేతులు జోడించింది.

"సారూ, పోరడు నాకు చెప్పలే గని నాకెరుకే. వాళ్ళ నాయిన చత్రు చెరుకు నరకనీకె పోతే ఆరు నెల్లు రాడు. నేనేం జెప్త వీనికి? మీరే కొట్టి మనిషిని జెయ్యుండ్రి."

ఇంతకంటే ఏం కావాలి? కన్నతల్లే ఒప్పుకుంది.

2011 జూన్ 20

దేవీసింగ్ హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్‌కు ఎంపికయ్యాడు. బస్సెక్కేముందు నా కాళ్ళకు దండం పెట్టాడు. రెండేళ్ళలో వాడి పిక్కల మీద ఎన్ని చారలు వేశానో. ప్రతి చారా ఒక మెట్టు.

అక్టోబరు 9

సకల జనుల సమ్మె. స్కూళ్ళు మూసి నెల కావస్తోంది. గ్రౌండు లేదు, పిల్లలు లేరు. పొద్దస్తమానం ఇంట్లోనే. టీవీలో పాత మ్యాచ్ వేశారు. మళ్ళీ మనవాళ్ళే, మళ్ళీ అదే.

అక్టోబరు 10

పద్మప్రియ రామారెడ్డి వెళ్ళింది, పుట్టింటికి. వాళ్ళమ్మకు బాగా లేదట.

అక్టోబరు 11

మొన్న రాత్రి టీవీ శబ్దం తగ్గించమంది. అంతే జరిగింది. ఒక్కసారే కొట్టాను.

అక్టోబరు 30

రామారెడ్డి వెళ్ళాను. వాళ్ళమ్మ ముంగిట్లో బీడీలు చుడుతూ ఉంది, ఆరోగ్యంగానే. లోపలికి రమ్మనలేదు. పద్మప్రియ గడపలో నిలబడింది. ఎడమ కన్ను కింద పచ్చగా ఇంకా కనబడుతోంది.

"మూడు వారాలాయె. నేను ఎన్నిసార్లు దెబ్బలు తిన్ననో మీకు యాదికున్నదా?"

"ఒక్కసారి," అన్నాను.

ఆమె తలుపు వేసుకుంది.

2012 డిసెంబరు 2

దేవీసింగ్‌ను బయటి రాష్ట్రం క్లబ్బు ఒకటి తీసుకుంది. పేపర్లో చిన్న ఫోటో వచ్చింది. కత్తిరించి బీరువా తలుపుకు అంటించాను. చూడటానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

2013 సెప్టెంబరు 1

జాతీయ జట్టు!

దేవీసింగ్ ఫోన్ చేశాడు. నాలుగు దేశాల పోటీకి వెళ్ళే జట్టులో వాడి పేరు ఉంది. "మీరే జేసిండ్రు సార్," అన్నాడు. గొంతు పెద్దవాడి గొంతు అయిపోయింది. నేను ఏడ్చాను.

సెప్టెంబరు 7

రేపు మధ్యాహ్నం రెండున్నరకు మ్యాచ్. హెడ్మాస్టరు లక్ష్మీరాజం గారు స్కూలు హాల్లో పెద్ద టీవీ పెట్టిస్తున్నారు. తండా మొత్తం వస్తోంది. ప్రత్యర్థులు ఒక చిన్న ద్వీపం వాళ్ళు. దేశం మొత్తం కలిపినా మన జిల్లా అంత జనం ఉండరు. దేవీసింగ్ మూడు గోల్స్ కొడతాడని అందరితోనూ చెప్పాను.

సెప్టెంబరు 8

హాలు కిక్కిరిసింది. ముందు వరుసలో చత్రు, కేస్లి. చత్రు కొత్త తలపాగా చుట్టుకున్నాడు. చివర గోడ దగ్గర నేను, హనుమాండ్లు. హనుమాండ్లు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సైకిలు పంచర్లు వేస్తాడు. చిన్నప్పుడు నేను ఫార్వర్డు, వాడు గోల్‌కీపరు.

ఇరవై మూడు. ఈసారి ఇరవై మూడు షాట్లు కొట్టారు మనవాళ్ళు. ఆ ద్వీపం వాళ్ళకు కాళ్ళు ఎటు వెయ్యాలో తెలియడం లేదు. వాళ్ళ డిఫెండర్లు ఒకరినొకరు గుద్దుకుని పడుతున్నారు. అయినా గోలు లేదు.

దేవీసింగ్‌కు మూడు వచ్చాయి. మొదటిది పైకి లేపాడు. హాలంతా 'అయ్యో' అంది. రెండోది గోల్‌కీపర్ కాళ్ళకు కొట్టాడు. ఎవరో నవ్వారు. మూడోది, ఎనభయ్యో నిమిషంలో, గోల్‌కీపర్ కింద పడి ఉన్నాడు, గోలు ఖాళీ. ఆరు గజాలు. పక్కకు కొట్టాడు. రెండు నిమిషాల తర్వాత వాళ్ళు గోలు వేశారు.

గోల మొదలైంది. ఎవరో తండా పేరెత్తి ఒక పాడుమాట అన్నారు. చత్రు టీవీకి అడ్డంగా లేచాడు. ఎవరో ఇనుప కుర్చీ టీవీ మీదికి విసిరారు. అది చత్రు తలకు తగిలింది. తరువాత తోపులాట, కిటికీ అద్దాలు, అరుపులు. తండావాళ్ళు, ఊరివాళ్ళు బెంచీల కాళ్ళు పీకి కొట్టుకున్నారు. నాకూ భుజం మీద ఒకటి తగిలింది. కేస్లి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో నెత్తురు ఆపుతూ, అడ్డం వచ్చినవాళ్ళందరినీ కాళ్ళతో తన్నుతోంది.

సెప్టెంబరు 9

చత్రును కామారెడ్డి ఆసుపత్రికి తెచ్చారు. పుర్రె ఎముక చిట్లింది. కుడి కన్ను దక్కకపోవచ్చు అంటున్నారు. పోలీసులు వచ్చి అందరినీ అడిగారు.

లక్ష్మీరాజం గారు నన్ను గదిలోకి పిలిచారు. "పురుషోత్తం సార్, ఎవరు ఇసిరిండ్రో మనకు తెల్వదు. అంత గడ్‌బడ్‌ల ఎవరు జూస్తరు? మీరు గూడ గదే చెప్పుండ్రి. స్కూలు పేరు ఖరాబైతది."

అదే చెప్పాను. నిజంగానే, అంత గందరగోళంలో ఎవరు చూస్తారు?

సెప్టెంబరు 11

పోటీ ముగించుకుని దేవీసింగ్ వచ్చాడు. తిన్నగా ఆసుపత్రికి, అక్కడి నుంచి మా ఇంటికి. సంచి కూడా భుజం మీద నుంచి దించలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"గా మూడోది ఎట్ల తప్పిందిరా?" అన్నాను. ముందు ఆ మాటే వచ్చింది నా నోట.

"కొట్టే ముంగట కండ్లు మూసుకుంటున్న సార్. మా కోచ్ వీడియో పెట్టి సూపెట్టిండు. మూడుసార్లు గట్లనే. దగ్గర్కి రాంగనే ఎనుక నుంచి పిక్క మీద ఏదో పడుతదనిపిస్తది. ఖాళీ గోలైతే ఇంకా ఎక్కువ."

అలవాటు. మానుకోవచ్చు అని చెప్పాను. అభ్యాసం చేస్తే పోతుంది.

వాడు ఆ సంగతి వదిలేశాడు. "బాపును ఎవరు కొట్టిండ్రు సార్?"

"చూడలేదు."

"మీరు ఎనుకనే ఉన్నరంట గదా. కుర్చీ ఎనుకకెల్లే వచ్చిందంట."

వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రయాణం వల్ల కావచ్చు.

"నా పక్కన హనుమాండ్లు ఉన్నాడు," అన్నాను.

నేను పేరు చెప్పలేదు. పక్కన ఎవరు ఉన్నారో చెప్పాను. అది అబద్ధం కాదు.

సెప్టెంబరు 12

హనుమాండ్లు దుకాణంలో టైరు విప్పుతూ కూర్చుని ఉంటే దేవీసింగ్ వచ్చి, అక్కడి ఇనుప రాడ్డు తీసుకుని కుడి మోకాలు విరగ్గొట్టాడట. పట్టపగలు, బస్టాండులో, యాభై మంది చూస్తుండగా. రెండు దెబ్బలు. రాడ్డు పడేసి పోలీసు స్టేషనుకు తనే నడిచి వెళ్ళాడట.

సెప్టెంబరు 13

స్కూలుకు వెళ్ళలేదు.

సెప్టెంబరు 14

వెళ్ళలేదు.

సెప్టెంబరు 17

కుర్చీ విసిరింది నేనే.

సెప్టెంబరు 18

నిన్న ఒక్క వాక్యం రాసి పెన్ను మూశాను. ఈ రోజు అంతా రాయాలి. ఇది ఎవరూ చదవరు, అయినా చెయ్యి ఆగుతోంది.

మూడో బంతి పక్కకు పోయి, వాళ్ళ గోలు కూడా పడగానే హనుమాండ్లు నా భుజం మీద చరిచి నవ్వాడు. "అరే పుర్షోత్తం, గిది మన నిజామాబాద్ ఫైనల్ లెక్కనే ఉన్నది గదా!" ముందున్న నలుగురైదుగురు కూడా నవ్వారు. నిజామాబాదులో, ఇరవై అయిదేళ్ళ కింద, జిల్లా ఫైనల్లో, చేతకాని జట్టు మీద ఖాళీ గోలు ముందు బంతి పక్కకు కొట్టినవాణ్ణి నేను. ఈ డైరీలోనే కాదు, ఎక్కడా రాయలేదు. ఆ సాయంత్రం మా బాపు ఏం చేశాడో కూడా రాయను.

హనుమాండ్లు నవ్వగానే తండా మీద ఆ పాడుమాట అన్నది నేనే. ఎవరో కాదు.

చత్రు వెనక్కి తిరిగి లేచాడు. "ఎవడన్నడురా గా మాట?" అన్నాడు. అతనికి నేను కనబడలేదు. మధ్యలో మనుషులు ఉన్నారు. అందరూ అతని వైపు చూస్తున్నారు. అప్పుడు విసిరాను.

టీవీ మీదికి విసిరితే అతను అడ్డం వచ్చాడని నాలో నేను పది రోజులుగా చెప్పుకుంటున్నాను. అతను లేచి నిలబడ్డాకే నేను కుర్చీ ఎత్తాను. అతని ముఖం చూస్తూనే ఎత్తాను. ఆ ముఖం దేవీసింగ్ ముఖమే. అదే గడ్డం.

సెప్టెంబరు 19

హనుమాండ్లు కామారెడ్డిలోనే, మా ఇంటికి అర కిలోమీటరు దూరంలో, ఆసుపత్రిలో ఉన్నాడు. ఏడు రోజులు ఆ వీధిలో నడవకుండా తిరిగాను. ఈ రోజు వెళ్ళాను. మోకాలికి ఇనుప కడ్డీలు బిగించారు. భార్య దేవవ్వ నన్ను చూడగానే లేచి బయటికి వెళ్ళింది.

"నువ్వు చూశావు గదా?" అన్నాను.

"పక్కనే ఉంటిని. సూడకుంట ఎట్లుంట?"

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నీ నౌకరి పోతదని. మనం ఒక్క జట్టుల ఆడినోళ్ళం."

 తరువాత మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

"పోరడు మొదటి దెబ్బ ఎయ్యంగనే నీ పేరు చెప్పిన. ఇగ దాచుడెందుకని. నేను గాదు బిడ్డా, మీ సార్ ఇసిరిండు అన్న. గంతే. రెండో దెబ్బ దానికే పడ్డది. మొదటి దానికి ఎముక ఇరగలే పుర్షోత్తం. రెండోదానికి ఇరిగింది."

కుర్చీలో కూర్చోబోయి కూర్చోలేక నిలబడ్డాను.

"ఇప్పుడేం జేస్తవ్?" అన్నాడు.

చెబుతానన్నాను.

"చెప్పు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సెప్టెంబరు 21

ఎల్లారెడ్డి స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చాను. పాడుమాట నాదేనని, కుర్చీ నాదేనని, దేవీసింగ్‌కు హనుమాండ్లు పేరు అందించింది నేనేనని రాసి సంతకం పెట్టాను. రేపటి నుంచి నా ఉద్యోగం ఉండదని లక్ష్మీరాజం గారు స్కూలు గేటు దగ్గర చెప్పారు. గట్టిగా తిట్టారు కూడా. "చెప్పకుంటె ఎవరికి తెలుస్తుండె?" అన్నారు.

దేవీసింగ్ మీది కేసు మాత్రం పోదట. మోకాలు విరిచింది వాడే, వాడే ఒప్పుకున్నాడు. జట్టు నుంచి తీసేసినట్టు కాగితం కూడా వచ్చేసింది. బెయిలు మీద తండాకు వచ్చాడని తెలిసింది.

సెప్టెంబరు 22

పొద్దున్నే తండాకు వెళ్ళాను. వాన కురిసి వెలిసింది. చత్రు గుమ్మం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు, సగం తలకు కట్టు, కుడి కన్ను మీద దూది, ఎడమ కన్ను వాచి మసకేసింది. ఎవరో వచ్చారని తెలిసింది కానీ ఎవరో గుర్తుపట్టలేదు. కేస్లి పొయ్యి దగ్గర ఉంది. దేవీసింగ్ పుల్లలు కొడుతున్నాడు. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు, క్లాసులో నిలబడ్డట్టు.

నిలబడే చెప్పాను, అందరికీ వినబడేట్టు. మాట నాది, కుర్చీ నాది. చత్రు ఒంటికన్నుతో నా గొంతు వచ్చిన దిక్కుకు చూశాడు. 

"హనుమాండ్లు నీకు నా పేరు చెప్పాడట గదా," అన్నాను దేవీసింగ్‌తో.

"చెప్పిండు సార్."

"నమ్మలేదా?"



"మీ ఇంట్ల అడిగినప్పుడే అనుమానమొచ్చింది సార్. మీరు నా మొకం సూస్తలేరు. ఎన్నడు గట్ల లేరు మీరు. మీరు హనుమాండ్లు పేరు తియ్యంగనే నా పానం నిమ్మళమైంది. హమ్మయ్య, మా సార్ గాదు అనుకున్న. ఆయినె మల్ల మీ పేరే చెప్పిండు. చెప్పంగనే నిజమని తెల్సిపోయింది."

"నిజమని తెలిసీ రెండోసారి ఎందుకు కొట్టావురా?"

"మీ మీదికైతే చెయ్యి లేవది సార్."

నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కకు వేలాడుతున్నాయి. అంత పొడుగు, అంత బలం, నన్ను ఒక్క గుద్దుకు చంపగలడు.

"కొట్టు," అన్నాను. నిజంగా కోరుకునే అన్నానో, వాడు కొట్టడని తెలిసి అన్నానో ఇప్పుడు కూడా చెప్పలేను.

వాడు కదల్లేదు. కేస్లి కదిలింది. పొయ్యి దగ్గరి కట్టె అందుకుని వచ్చింది.  మొదటి దెబ్బ నా చెవి మీద పడింది, రెండోది మెడ మీద. కిందపడ్డాను. లేచి గోడకు ఆనుకున్నాను. ఇరుగుపొరుగువాళ్ళు చేరారు కానీ ఎవరూ ముందుకు రాలేదు. ఆమె మూడోది ఎత్తింది. తల కోసం ఎత్తిన దెబ్బ అది.

దేవీసింగ్ వచ్చి నన్ను రెండు చేతులా చుట్టేశాడు. కట్టె వాడి వీపు మీద పడింది.

"జరుగు!" అని అరిచింది కేస్లి. "జరగరా!"

వాడు జరగలేదు. ఆమె కొడుతూనే ఉంది. ఎవరిని కొడుతున్నదో తెలియనట్టు, తెలిసినట్టు, ఏడుస్తూ కొడుతోంది. ప్రతి దెబ్బకూ వాడి ఒళ్ళు నా ఒంటికి వచ్చి కొట్టుకుంటోంది. వాడి ఊపిరి నా మెడ మీద తగులుతోంది. మంచం మీంచి చత్రు, "ఎవల్నే? ఎవల్ని కొడుతున్నవే?" అని అడుగుతున్నాడు.

తొమ్మిది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

నేను వాడి చాటునే నిలబడ్డాను. తప్పుకొమ్మని వాడితో ఒక్క మాట అనలేదు.